నగర తోటల్లో పశువుల ఎరువు, కంపోస్టు వాడకం: అమీర్‌పేట – పంజాగుట్ట పరిస్థితులకు తగిన మోతాదు నిర్ణయం

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఖాళీ నేల చాలా తక్కువ. రెండు మెట్రో మార్గాలు కలిసే అమీర్‌పేట కూడలి నుంచి పంజాగుట్ట చౌరస్తా వరకు శిక్షణ సంస్థలు, వసతి గృహాలు, దుకాణ సముదాయాలు, బహుళ అంతస్తుల నివాసాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. తోట అనేది ఇక్కడ మిద్దె మీదికో, బాల్కనీలోకో, ప్రహరీ గోడ వెంట ఉన్న సన్నని మట్టి పట్టీలోకో చేరింది. ఇలాంటి తోటలను పెంచేవారు విస్తరణ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చే ఫిర్యాదుల్లో ఒకటి తరచుగా వినిపిస్తుంది. మొదటి ఏడాది పంట ఏపుగా వచ్చిందని, రెండు మూడేళ్లు గడిచేసరికి ఆకులు పసుపుబారి, అంచులు మాడి, కాపు తగ్గిందని, ఎంత ఎరువు వేసినా మొక్క కోలుకోవడం లేదని వారు చెబుతారు.

ఈ లక్షణాలను ఎరువు చాలకపోవడంగా భావించి మరికొంత ఎరువు వేయించడం సాధారణంగా జరిగే పని. అయితే మిద్దె మడుల్లోను, కుండీల్లోను చాలా సందర్భాల్లో కారణం దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఏటేటా వేసిన ఎరువు నుంచి భాస్వరం, లవణాలు పేరుకొని, ఇనుము, జింకు వంటి సూక్ష్మపోషకాలు మొక్కకు అందకుండా పోతాయి. కాబట్టి నగర తోటల్లో సేంద్రియ ఎరువు మోతాదును నత్రజని అవసరాన్ని బట్టి మాత్రమే గాక, అది మోసుకువచ్చే భాస్వరాన్ని, లవణాలను లెక్కలోకి తీసుకొని నిర్ణయించాలి. ఈ సూత్రానికి ఆధారాలను, ఆచరణ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

మూడు రకాల పెరుగుదల మాధ్యమాలు

హైదరాబాదు నగరం గ్రానైటు శిలల మీద నిలిచి ఉంది. ఆ శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్ర చల్కా నేలలు తేలికపాటివి. వీటిలో సేంద్రియ కర్బనం తక్కువ, నీటిని, పోషకాలను పట్టి ఉంచే శక్తి కూడా తక్కువే. భవన నిర్మాణం జరిగిన చోట ఈ సహజ నేల కూడా మిగలదు. పునాదులు, సెల్లార్లు తవ్వినప్పుడు వచ్చిన మొరం పైకి చేరుతుంది. దానిలో సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు కలుస్తాయి. ఫలితంగా ప్రహరీ వెంట ఉన్న పట్టీల్లో ఉదజని సూచిక 8 దాటి ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి నేలలో పశువుల ఎరువు చేసే మేలు నిస్సందేహమైనది. నేల గుల్లబారుతుంది, నీరు నిలుస్తుంది, సూక్ష్మజీవుల చర్య పెరుగుతుంది. అధికమైన పోషకాలు లోతు పొరల్లోకి ఇంకిపోవడానికి కొంత వీలుంటుంది కూడా.

రెండవది మిద్దె మీది మడి. సిల్పాలిన్ సంచుల్లో గాని, ఇటుకలు పేర్చిన తొట్లలో గాని ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమభాగాలుగా కలిపి నింపుతారు. వేళ్లకు ఉన్న స్థలమంతా ఆ 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతే. మూడవది బాల్కనీ కుండీ. మిద్దె మడికి ఏటా వాన తగులుతుంది. కప్పు కింద ఉన్న బాల్కనీ కుండీకి ఆ మేలు కూడా లేదు. ఈ మూడింటికీ ఒకే సిఫారసు ఇవ్వడం శాస్త్రీయం కాదు.

తొలి పూరకంలో ఉన్న పోషకాల నిల్వ

ఒక చదరపు మీటరు వైశాల్యం, 30 సెంటీమీటర్ల లోతు గల మడిలో 300 లీటర్ల మిశ్రమం పడుతుంది. అందులో మూడో వంతు పశువుల ఎరువు అంటే 100 లీటర్లు. లీటరు బరువు అర కిలో అనుకుంటే అది 50 కిలోలు. హెక్టారు లెక్కలోకి మారిస్తే 500 టన్నులు. కూరగాయ పంటలకు పొలంలో సిఫారసు చేసే మోతాదు హెక్టారుకు 20 నుంచి 25 టన్నులు, అనగా చదరపు మీటరుకు 2 నుంచి 2.5 కిలోలు. మిద్దె మడి తొలిరోజే పొలానికి ఇరవై రెట్ల ఎరువుతో మొదలవుతుంది.

చివికిన పశువుల ఎరువులో సగటున 0.5 శాతం నత్రజని, 0.2 శాతం భాస్వరం, 0.5 శాతం పొటాష్ ఉంటాయి. ఈ వ్యాసంలో భాస్వరం, పొటాష్ అంకెలన్నీ ఎరువుల లెక్కల్లో వాడుకలో ఉన్న ఆక్సైడు రూపంలోనివే. ఈ లెక్కన 50 కిలోల ఎరువు ద్వారా 250 గ్రాముల నత్రజని, 100 గ్రాముల భాస్వరం, 250 గ్రాముల పొటాష్ మడిలో చేరుతాయి. మంచి దిగుబడి ఇచ్చే టమాట వంటి పంట చదరపు మీటరు నుంచి 10 నుంచి 12 గ్రాముల నత్రజనిని, 3 నుంచి 5 గ్రాముల భాస్వరాన్ని మాత్రమే తీసుకుంటుంది. తొలి పంట కాలంలో నత్రజనిలో 20 నుంచి 30 శాతం లభ్యమైనా అది 50 నుంచి 75 గ్రాములు. అందువల్లనే మొదటి పంట ముదురాకుపచ్చగా, ఆకు ఎక్కువగా, పూత ఆలస్యంగా వచ్చి, పేనుబంకకు గురవుతుంది. భాస్వరం నిల్వ మాత్రం ఇరవై పంటలకు సరిపడేంత ఉంటుంది.

భౌతిక లక్షణాల దృష్ట్యా, మిద్దెపై బరువు తగ్గించే దృష్ట్యా తొలి పూరకంలో ఇంత సేంద్రియ పదార్థం వాడటాన్ని సమర్థించవచ్చు. కాని అది ఒక్కసారి మాత్రమే చేయదగిన పని. అలా వేసిన నిల్వ ఎంతకాలం ఉంటుందో ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రపు బార్లీ ప్రయోగం తెలుపుతుంది. అక్కడ ఒక మడికి 1852 నుంచి 1871 వరకు ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసి ఆపివేశారు. వంద సంవత్సరాలు గడిచిన తరువాత కూడా ఆ మడిలో సేంద్రియ కర్బనం, ఎన్నడూ ఎరువు వేయని మడిలో కన్నా ఎక్కువగానే ఉంది. మన ఉష్ణ వాతావరణంలో సేంద్రియ పదార్థం అంతకన్నా చాలా వేగంగా తరిగిపోతుంది. అయితే తరిగిపోయేది కర్బనం. భాస్వరం ఆవిరయ్యేది కాదు. పంట కోతతోనో, డ్రైనేజీ నీటితోనో పోయినంత మేరకే అది తగ్గుతుంది.

మడి కుంగడం, తిరిగి నింపడం

సమస్య తీవ్రం కావడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. సూక్ష్మజీవులు కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా మార్చడంతో మడి మట్టం ఏడాదిలో కొన్ని సెంటీమీటర్లు కుంగుతుంది. ఆ లోటును కంపోస్టుతోనే పూడ్చడం వాడుక. కర్బనం పోతుంది, దానితో వచ్చిన భాస్వరం, కాల్షియం, సోడియం మిగులుతాయి. మరుసటి ఏడాది అదే చర్య పునరావృతమవుతుంది. నాలుగైదేళ్లలో మడిలో ఖనిజ లవణాల వాటా పెరిగి, మొదట వేసిన మట్టి లక్షణాలు మారిపోతాయి.

దీనికి తోడు ఎముకల పొడిని అలవాటుగా వేయడం మరొక భారం. ఎముకల పొడిలో 20 శాతానికి పైగా భాస్వరం ఉంటుంది. అనగా 50 గ్రాముల పొడితో 10 గ్రాములకు పైగా భాస్వరం, రెండు మూడు పంటలకు చాలినంత, చేరుతుంది. పైగా ఉదజని సూచిక 7.5 దాటిన మట్టిలో అది కరగడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. అలాంటి మడులకు దీనిని సిఫారసు చేయవలసిన అవసరం లేదు.

భాస్వరం అధికమైనచోట జింకు గ్రహణం తగ్గుతుంది. మట్టి క్షార స్వభావం కలిగినప్పుడు ఇనుము కూడా లభ్యం కాదు. గులాబీ, మల్లె, నిమ్మ, కరివేపాకు మొక్కల లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, ఈనెల నడుమ భాగం పసుపుబారుతుంది. నత్రజని లోపంలో పసుపు రంగు ముదురాకులతో మొదలై ఆకు అంతటా సమంగా వ్యాపిస్తుంది. ఈ ఒక్క తేడాను గమనించగలిగితే అనవసరంగా ఎరువు వేయడం చాలావరకు నివారించవచ్చు. ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, జింకు లోపానికి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున విడివిడిగా పిచికారి చేయాలి.

భాస్వరం ఆధారంగా మోతాదు

పంట నత్రజని అవసరమైన 12 గ్రాములను పశువుల ఎరువు ద్వారానే పూర్తిగా అందించాలనుకుంటే, అందులో 30 శాతమే ఆ పంటకు లభిస్తుంది గనుక, చదరపు మీటరుకు 8 కిలోలు వేయాలి. దానితో 16 గ్రాముల భాస్వరం వచ్చి చేరుతుంది. పంట తీసుకునేది అందులో మూడో వంతు కూడా కాదు. పశుసంపద అధికంగా ఉన్న నెదర్లాండ్స్ ఇలాంటి పరిస్థితినే దేశస్థాయిలో ఎదుర్కొని, 1987లో పొలాలకు వేసే పశువుల ఎరువును ఫాస్ఫేటు లెక్కన పరిమితం చేసింది. అదే కొలమానాన్ని మిద్దె మడికి అన్వయించవచ్చు.

పంటకు 5 గ్రాముల భాస్వరం హద్దుగా పెట్టుకుంటే, తొలి పూరకం తరువాత ప్రతి పంటకు చదరపు మీటరుకు వేయదగిన గరిష్ఠ మోతాదులు సుమారుగా ఇలా ఉంటాయి. వీటిలో ఏదో ఒక్కదానినే ఎంచుకోవాలి.

• చివికిన పశువుల ఎరువు: 2.5 కిలోలు (దాదాపు 5 లీటర్లు, మడిపై పరిస్తే అర సెంటీమీటరు పొర)
• వర్మీకంపోస్టు: 600 గ్రాములు (0.8 శాతం భాస్వరం ఉన్నప్పుడు)
• మేకల, గొర్రెల ఎరువు: 500 గ్రాములు (ఒక శాతం భాస్వరం ఉన్నప్పుడు)
• కోళ్ల ఎరువు: 200 గ్రాములు (2.6 శాతం భాస్వరం ఉన్నప్పుడు)

ఈ మోతాదుల్లో నత్రజని కొంత తక్కువ పడుతుంది. ఆ లోటును వేపపిండితో పూడ్చుకోవాలి. వేపపిండిలో దాదాపు 5 శాతం నత్రజని, ఒక శాతం భాస్వరం ఉంటాయి. 100 నుంచి 150 గ్రాముల వేపపిండిని రెండు దఫాలుగా, నాటేటప్పుడు కొంత, పూతకు ముందు మిగిలినది, వేస్తే 5 నుంచి 7.5 గ్రాముల నత్రజని అందుతుంది, భాస్వరం భారం గ్రామున్నరకు మించదు. పరీక్షలో లభ్య భాస్వరం ఇప్పటికే అధికంగా ఉన్నట్లు తేలితే ఎరువును ఒకటి రెండు పంటల పాటు పూర్తిగా ఆపి, వేపపిండితోను, బొబ్బర్లు, చిక్కుడు వంటి పప్పుజాతి కూరగాయలతోను సరిపెట్టవచ్చు. కుంగిన మట్టాన్ని పూడ్చడానికి కంపోస్టుకు బదులు ఎర్రమట్టి, కడిగిన కొబ్బరి పొట్టు వాడాలి. మట్టి చేర్చినప్పుడు బరువు పెరుగుతుంది కనుక మిద్దె భారాన్ని మోయగలదా అన్నది నిర్మాణ ఇంజినీరు సలహాతో తేల్చుకోవాలి.

లవణాలు: ఎరువుతో పాటు నీరు

గ్రానైటు పొరల నుంచి వచ్చే బోరు నీటిలో బైకార్బనేట్లు, ఇతర లవణాలు తరచుగా ఎక్కువగా ఉంటాయి. ఉదాహరణకు నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1.5 డెసిసీమన్స్ అయితే లీటరు నీటిలో సుమారు ఒక గ్రాము లవణాలు ఉన్నట్లు లెక్క. వేసవిలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల చొప్పున వంద రోజులు పోస్తే, 500 లీటర్ల నీటితో దాదాపు అర కిలో లవణాలు మడిలో చేరుతాయి. నీరు ఆవిరైపోతుంది, లవణం నిలుస్తుంది. ఎరువులోని లవణాలు దీనికి అదనం.

మట్టి సంతృప్త ద్రావణపు వాహకత ఒక డెసిసీమన్ దాటినప్పటి నుంచే బీన్స్, క్యారెట్ దిగుబడి తగ్గడం ఆరంభమవుతుంది. ఉల్లి, ముల్లంగికి ఈ హద్దు 1.2, పాలకూరకు 2, టమాటకు 2.5. ఎప్పుడూ టమాట బాగా వచ్చే మడిలో బీన్స్ మొలవకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

హైదరాబాదులో ఏటా కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వస్తుంది. మట్టి లోతుకు సమానమైన లోతు నీరు అందులోంచి ఇంకి బయటకు పోతే కరిగే లవణాల్లో దాదాపు 80 శాతం కొట్టుకుపోతాయన్నది సాధారణ సూత్రం. అడుగు రంధ్రాలు సరిగా ఉన్న మిద్దె మడిని నైరుతి ఋతుపవనాలే కడిగివేస్తాయి. బాల్కనీ కుండీలకు ఏడాదికి ఒకటి రెండు సార్లు కుండీ పరిమాణానికి రెట్టింపు మంచినీటిని లేదా నిల్వ చేసిన వాననీటిని నెమ్మదిగా పోసి కడగాలి. పళ్లెంలో చేరిన నీటిని తీసివేయాలి. ఈ కడిగివేతలో నైట్రేటు కూడా పోతుంది. అందువల్ల ఎరువును, పిండిని భారీ వర్షాల ముందు గాక, అవి తగ్గిన తరువాత శీతాకాలపు పంటకు వేయడం లాభదాయకం.

వంటింటి వ్యర్థాలు, వసతి గృహాల వ్యర్థాలు

అమీర్‌పేటలోని వసతి గృహాలు, మెస్సులు, టిఫిన్ సెంటర్ల నుంచి ప్రతిరోజు పెద్ద మొత్తంలో ఆహార వ్యర్థాలు వస్తాయి. రోజుకు సగటున 100 కిలోలకు పైగా వ్యర్థాలు వెలువరించే సంస్థలు తడి చెత్తను సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పేర్కొన్నాయి. ఈ దిశలో కంపోస్టు తయారీని ప్రోత్సహించవలసిందే. అయితే కూరగాయల తొక్కలు, ఆకులు ఒక రకం. ఉప్పు, నూనె కలిసిన అన్నం, సాంబారు, పచ్చళ్లు మరొక రకం. రెండవ రకంతో చేసిన కంపోస్టులో సోడియం హెచ్చుగా ఉంటుంది. దానిని కుండీలకు గాక నేలలో ఉన్న నీడ చెట్లకు, పలుచగా మాత్రమే వాడాలి. బల్కంపేట ఎల్లమ్మ దేవాలయం వంటి చోట్ల లభించే పూల వ్యర్థాలు మంచి ముడిసరుకే గాని, దారాలు, ప్లాస్టిక్, జరీ కాగితాలను ముందుగా వేరు చేయాలి.

వంటింటి చెత్తలో కర్బన–నత్రజని నిష్పత్తి 15 నుంచి 20 వరకు ఉంటే, ఎండుటాకుల్లో 40 నుంచి 60 వరకు, శుద్ధి చేయని కొబ్బరి పొట్టులో 100కు పైన ఉంటుంది. తడి చెత్తకు ఎండుటాకులు కలిపి 25 నుంచి 30 మధ్యకు తేవాలి. నిష్పత్తి మరీ ఎక్కువైన పదార్థాన్ని చివకకుండానే మడిలో కలిపితే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తాత్కాలికంగా పట్టి ఉంచుతాయి. కొత్త మడిలో మొక్కలు పాలిపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఇళ్లలో వాడే చిన్న కంపోస్టు డబ్బాలకు మరొక పరిమితి ఉంది. కుప్ప పరిమాణం సుమారు ఒక ఘనపు మీటరు లేనిదే వేడి నిలవదు. రోగకారక క్రిములు నశించడానికి 55 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ కాని ఉష్ణోగ్రత కొన్ని రోజులు ఉండాలి. డబ్బాలో ఆ స్థాయి రాదు. వేసిన కంపోస్టు నుంచి టమాట, గుమ్మడి మొలకలు వాటంతట అవే రావడం వేడి చాలలేదనడానికి నిదర్శనం. పచ్చి పేడను కొత్తిమీర, పాలకూర, పుదీనా వంటి ఆకుకూరల మడుల్లో వాడరాదు. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం తినే భాగం నేలను తాకే పంటల్లో పచ్చి ఎరువు వేయడానికి, కోతకు నడుమ కనీసం 120 రోజులు, ఇతర పంటల్లో 90 రోజులు ఉండాలి. ఆకుకూరల కాలం నెలరోజులే కనుక, వాటికి పూర్తిగా చివికిన ఎరువు తప్ప వేరే మార్గం లేదు.

చివికిన స్థితిని ఇంటి వద్దనే పరీక్షించవచ్చు. తడి చేసిన కంపోస్టును సంచిలో మూసి మూడు రోజుల తరువాత తెరిస్తే మట్టి వాసన రావాలి. అమ్మోనియా లేదా కుళ్లు వాసన వస్తే అది సిద్ధం కాలేదు. కంపోస్టు, మట్టి సమంగా కలిపి 20 మెంతి గింజలను, మట్టిలో మాత్రమే మరో 20 గింజలను వేయాలి. మొదటిదానిలో మొలకలు స్పష్టంగా తగ్గితే లవణాలో, అపరిపక్వతో కారణమని గ్రహించాలి.

నగర చెత్తతో తయారై అమ్మకానికి వచ్చే కంపోస్టుకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దులు నిర్దేశించింది. విద్యుత్ వాహకత 4 డెసిసీమన్స్ మించరాదు, కర్బన–నత్రజని నిష్పత్తి 20కి లోబడి ఉండాలి, కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటరాదు. సీసం లేని పెట్రోలు 2000 సంవత్సరంలో దేశమంతటా అమలులోకి వచ్చినా, అంతకుముందు పైపొరలో చేరిన సీసం మట్టిని విడిచిపోదు. పంజాగుట్ట వంటి రద్దీ కూడళ్లకు ఆనుకొని ఉన్న నేలలో ఆకుకూరలు వేయాలనుకునేవారు ముందుగా సీసం పరీక్ష చేయించడం మంచిది.

పరీక్ష ఫలితాలను అన్వయించడంలో జాగ్రత్తలు

రాజేంద్రనగర్‌లోనివంటి భూసార పరీక్ష కేంద్రాలకు మిద్దె మడి నమూనా వచ్చినప్పుడు, పొలం నేలలకు ఏర్పరచిన కొలమానాలు యథాతథంగా వర్తించవు. మొదటిది, కిలోకు మిల్లీగ్రాములను 2.24తో గుణించి హెక్టారుకు కిలోలుగా చెప్పడం. ఇది 15 సెంటీమీటర్ల పొర బరువు హెక్టారుకు 22.4 లక్షల కిలోలన్న ఊహపై ఆధారపడింది. మిద్దె మిశ్రమపు స్థూల సాంద్రత దానిలో సగమే ఉండవచ్చు. అప్పుడు ఫలితం రెట్టింపుగా కనిపిస్తుంది. రెండవది, సేంద్రియ కర్బనం 0.75 శాతం దాటితే అధికమనే వర్గీకరణ. మిద్దె మడులన్నీ ఈ హద్దును దాటే ఉంటాయి కనుక ఆ మాట ఎరువు నిర్ణయానికి పనికిరాదు. మూడవది, ఒకటికి రెండు పాళ్ల నీటితో కొలిచిన వాహకతను సంతృప్త ద్రావణపు హద్దులతో నేరుగా పోల్చరాదు. పలుచబడిన ద్రావణంలో అంకె తక్కువగా వస్తుంది. ఫలితాలను కిలోకు మిల్లీగ్రాముల్లోనే ఇచ్చి, అదే మడి నుంచి ఏటా ఒకే నెలలో నమూనా తీసి పోల్చడం సరైన పద్ధతి.

విస్తరణ కార్యకర్తలు పాటించవలసిన క్రమం

తోట యజమాని ఎరువు గురించి అడిగినప్పుడు సిఫారసుకు ముందే కొన్ని వివరాలు సేకరించాలి.

1. మొక్క నేలలో ఉందా, వాన తగిలే మడిలో ఉందా, కప్పు కింది కుండీలో ఉందా?
2. తొలి పూరకంలో ఎరువు వంతు ఎంత? ఆ తరువాత ఏటా ఎన్ని సంచులు వేశారు? ఎముకల పొడి వాడారా?
3. నీరు బోరుదా, నల్లాదా? పళ్లెంలో, కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తోందా?
4. పసుపు రంగు లేత ఆకులతో మొదలైందా, ముదురాకులతో మొదలైందా?
5. మట్టిపై కొద్దిగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినప్పుడు బుడగలు వస్తున్నాయా?

మొదటి రెండేళ్ల ప్రహరీ పట్టీకి, శిథిలాలను ఏరివేసిన తరువాత, చదరపు మీటరుకు 5 కిలోల వరకు చివికిన ఎరువును 20 సెంటీమీటర్ల లోతు వరకు కలపమని చెప్పవచ్చు. ఆ పైన ఏటా 2.5 కిలోలు చాలు. మిద్దె మడికి తొలి పూరకం తరువాత భాస్వరం హద్దును పాటించాలి. బాల్కనీ కుండీకి అందులో సగం మోతాదుతో పాటు కడిగివేత తప్పనిసరి. లేత ఆకులు పసుపుబారి, తెల్లని పొర కనిపించి, మూడేళ్లుగా ఎరువు పడిన మడి ఎదురైతే ఆ పంటకు ఇవ్వవలసిన సలహా ఎరువు ఆపి, మట్టిని కడిగి, ఇనుము, జింకు పిచికారి చేయడమే. పరీక్ష ఫలితం చేతికి వచ్చాక మాత్రమే తిరిగి ఎరువు మోతాదును నిర్ణయించాలి.